సీనప్ప జవాబును తవ్విన రత్న

వినండయ్యా, చెవులు రిక్కించి వినండి! ప్రచండమార్తాండకిరణదగ్ధమైన మండువేసవిలో, గనుల్లో బంగారం పోయి బిందెలు మిగిలిన ఆండర్సన్‌పేటలో, కూతురికి చెవులు కుట్టించే శుభకార్యం నట్టింట పెట్టుకొని, చుట్టాలు దిగిపోయి, తొట్టిలో చుక్క నీరు లేక, వీధి మొగదల ప్లాస్టిక్ బిందెల చతురంగబలమును మోహరించి, కొంగు బిగించి నిలిచెను రత్న! ఎదుట మదగజసమానమైన నీళ్ల ట్యాంకర్. దాని సారథి జగదీష్, ఏ వీధికి పొయ్యాలో వీధుల నీళ్ల సంఘం కార్యదర్శి సీనప్ప రాసినది కంట చూడనిదే గొట్టం విప్పనని శపథం పట్టినవాడు. సంఘం వాట్సాప్ గుంపు బూతులతో హతమైనది మొదలు రాతకోతలన్నీ ఈమెయిల్లోనే.

రత్న మెయిల్లో అడిగినదానికి వచ్చెను సీనప్ప జవాబు! రత్న తెరిచెను. అక్కడేముంది? ఏనాటివో నీళ్ల తగాదాలు, తిట్లు, తిట్లకు క్షమాపణలు, క్షమాపణలకు మళ్లీ తిట్లు. ప్రతి పంక్తి ముందూ బాణం గుర్తు, బాణం వెనుక బాణం! ఆ శరపరంపరాచ్ఛాదితమైన అక్షరారణ్యంలోకి ఆమె బొటనవేలు మహారథివలె దూసుకుపోయి, పోయిపోయి అలసెనే గాని అడుగు తగలలేదు.

“యాడుండాదక్కా జవాబు? నాకూ పాత రచ్చే కనిపిస్తాండాది. పక్క వీధోళ్లు పిలస్తాండారు, పోతా!” అని ఆమె ఫోన్‌లోకి తొంగిచూసిన జగదీష్ ఇంజను గర్జింపజేసెను.

రత్న ఫోన్ పట్టి సింహనాదం చేసెను. “సీనప్ప మామా! జవాబు యాడ పెట్టినావు?”

“అడుగున పెట్టినా కదమ్మా!”

“పైన ఆ పురాణమంతా ఎందుకు?”

ఒకప్పుడు గని బావి మొగదల గంట కొట్టిన ఆ వృద్ధవీరుడు మేఘగంభీరస్వరంతో పలికెను. “ఏమనుకున్నావు నన్ను? లోపల్నించి ఎన్ని గంటలొస్తే అన్నీ తిరిగి కొట్టినాకే మనుషుల్ని దించే బోను కదిలించినాను! ఒకటి తప్పితే మనుషులు పోతారు. విన్నదంతా తిరిగి చెప్పకుండా జవాబిచ్చేది యాడన్నా ఉండాదా?”

“ఆ పొద్దు వచ్చిన గంటే కొట్టినావా మామా, పోయిన నెలవి కూడా కలిపి కొట్టినావా?”

ట్యాంకర్ ఒక మూర కదిలెను.

“...ఆ పొద్దు వచ్చిందే.”

“ఇంగ అట్లే కొట్టు! నేనడిగిన మాటొక్కటి పెట్టు, దాని కింద నీ మాట రాయి, మిగతాది చెరిపెయ్యప్పా సామీ!”

క్షణమొక యుగమై గడిచెను. ఫోన్‌లో కొత్త మెయిల్ మోగెను.

> ఇయ్యాల నీళ్లు మా వీధికేనా మామా?
మీ వీధికే.

జగదీష్ చదివెను. గొట్టం విప్పెను. బిందెలు దుందుభులవలె మోగెను.

జయము! జయము! లోకంలోని మెయిళ్లన్నీ తోకలీడ్చుకుంటూ తిరుగుతూనే ఉండుగాక; ఆండర్సన్‌పేటలో మాత్రం, ఆ మధ్యాహ్నం, ఒకానొక మెయిల్ మొత్తంగా ఒక్క ఫోన్ తెరలో పట్టెను!