సీలింగు: వర్తించదు

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, చంద్రుడి మీద కాలు పెట్టి ఫొటో కూడా దిగి వచ్చాడు. హాలు గోడకు ఏ రంగు వేయాలన్న సంగతి మాత్రం నేటికీ పరిశీలనలోనే ఉంది. ఈ విషయంలో తొందరపడిన జాతులేవీ బాగుపడలేదని పెద్దలంటారు. (ఏ పెద్దలని అడక్కండి. ముందు ముందు బావగారని ఒకాయన వస్తారు, ఆయన్ని అడగండి.)

ఇంతటి జటిలమైన సమస్యను ఒక ఇల్లాలు నలభై సెకన్లలో తేల్చిపారేసింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వీధిలో అందరూ మిషనక్క అంటారు. హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను ముందు రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటుంది. గుడ్డముక్కను ఇలా చూసి అలా దారాల డబ్బాలో చెయ్యి పెడితే, సరిగ్గా ఆ రంగు దారమే చేతికొస్తుంది. ఒక్క నలుపులోనే ఆరు నలుపులున్నాయని తెలిసిన మనిషి. అలాంటి మనిషి పంతొమ్మిదేళ్ళుగా ఇంకొకరు మెచ్చిన గోడల మధ్య కాపురం చేస్తోంది. మొదటి ఎనిమిదేళ్ళూ అద్దె ఇళ్ళు, ఇంటివాళ్ళు వేసిందే రంగు. తర్వాత సొంత ఇల్లు కొన్నారు గానీ, దాని రంగు బావగారు, అంటే ఆవిడ భర్తకు అన్నగారు, ఖాయం చేశారు. ఆవిడ సామాన్లు మూటగట్టుకుని వచ్చేసరికి గోడలకు రంగు వేయడమూ అయింది, ఆరడమూ అయింది. లేత గోధుమ రంగు. పదకొండేళ్ళు ఆ గోధుమను సబ్బునీళ్ళతో తుడుస్తూ, మళ్ళీ రంగులు వేయించేటప్పుడు ఒక్క గోడైనా తన ఇష్టప్రకారం చూసుకోవాలని మిషనక్క కాచుకుని ఉంది. ఇది అత్యాశేమో అని కూడా అప్పుడప్పుడూ అనుకునేది, పిచ్చిది.

ఆ రోజు రానే వచ్చింది. "హాలు రంగు నీ ఇష్టం" అన్నాడు భర్త. నిద్రలో కాదు, పూర్తి స్పృహతో, కాఫీ తాగుతూ అన్నాడు.

రంగుల కొట్లో రెండువేల నూట పన్నెండు రంగుల పుస్తకం ముందు పెడితే, మిషనక్క నాలుగు పేజీలు తిప్పి చిలకపచ్చ మీద వేలు పెట్టింది. మంచి నిండైన చిలకపచ్చ. కొట్టువాడు యంత్రంలో కలిపి, డబ్బాను గిలకొట్టి, లీటరు డబ్బా చేతికిచ్చాడు. అప్పటికి భర్త బండికి నీడ వెతికి నిలిపి లోపలికొచ్చాడు.

"అప్పుడే తేల్చేశావా?" అన్నాడు, ఇంట్లో దొంగలు పడ్డారని కబురందినవాడిలా.

ఆయన డబ్బా వెనక్కివ్వబోతే కొట్టువాడు గోడ మీద బోర్డు చూపించాడు. కలిపిన రంగు వెనక్కి తీసుకోబడదు. అలా చిలకపచ్చ ఇంటికి వచ్చి, వంటింట్లో సింకు కింద చేరింది.

భర్త సంగతి కొంచెం చెప్పాలి. ఆయన ఒక పెద్ద కార్యాలయంలో దస్త్రాల విభాగానికి పర్యవేక్షకుడు. నిర్ణయం తప్పు కావచ్చు గానీ పద్ధతి ఎన్నటికీ తప్పు కాదన్నది ఆయన నమ్మకం. చెడ్డవాడు కాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పుడు నిర్ణయం తీసుకోలేదు. (సరైనది కూడా తీసుకోలేదు. దస్త్రాలు తిరగేస్తే తెలుస్తుంది.) "నీ ఇష్టమే ఫైనల్. కాకపోతే దానికో పద్ధతి ఉంటుంది కదా" అని ఫోన్లో రంగుల కంపెనీ వారి యాప్ దించుకున్నాడు.

యాప్ నిబంధనల ప్రకారం ఒక ఇంటికి ఒకే నిర్ణేత. మిగిలినవాళ్ళు ఎంతమంది ఉన్నా సూచకులు. ఎవరి ఫోన్లో యాప్ ఉంటే వాళ్ళే నిర్ణేత కాబట్టి, ఆ పదవి భర్తకు ఏకగ్రీవంగా దక్కింది. తర్వాత అరవై రెండు ప్రశ్నలు. మీ గోడ మనిషైతే ఏ ఉద్యోగం చేసేది? భర్త బాగా ఆలోచించి, 'రిటైరైంది' అని కొట్టాడు. హాల్లో నిర్ణేత రోజుకు ఎంతసేపు గడుపుతారు? గంటన్నర, టీవీతో కలిపి. సూచకులు ఎంతసేపు గడుపుతారన్న ప్రశ్న లేదు. చివరిది సీలింగుల ప్రశ్న. నిర్ణేత ఏయే గదుల్లో వారానికి కనీసం పది నిమిషాలైనా ఉంటారు? అబద్ధమాడే అలవాటు లేని మనిషి. హాలుకు అవును, పడగ్గదికి అవును, వంటింటికి లేదు అని నొక్కాడు. యాప్ అన్నిటినీ స్వీకరించి, ధన్యవాదాలు చెప్పి, ఒక మనిషిని పంపింది.

వచ్చినాయన మెడలో బిళ్ళ మీద 'వర్ణ సలహాధికారి, రెండవ శ్రేణి' అని ఉంది. ప్రపంచానికంతటికీ రంగులు చెప్పే ఆ మనిషి నఖశిఖపర్యంతం నలుపే తొడుక్కున్నాడు. హాలు గోడను వేలితో మూడుచోట్ల తట్టి, చెవి ఆనించి విని, తల పంకించి, ఈ గోడ చాలా ఒత్తిడిలో ఉందన్నాడు. ముందుగా దృష్టి చెదరగొట్టే వస్తువులు తీసేయాలని, గోడకున్న పెద్ద క్యాలెండరును దింపించాడు. అప్పుడు మిషనక్క లోపలికెళ్ళి, సింకు కింద నుంచి డబ్బా తెచ్చి మూత మీది రంగు చుక్క చూపించింది.

"మేడమ్, ఇది ఆవేశపు వర్గం" అన్నాడు సలహాధికారి, వెనక్కి ఒక అడుగు వేసి. "దీనికి పైనుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఇంట్లో అందరి మానసిక స్థిమితానికీ ధ్రువపత్రాలు జతచేయాలి."

"మరి చిలకకు ఎవరిచ్చారండీ అనుమతి?" అంది మిషనక్క.

ఆయన దాన్ని సూచన నంబరు ఒకటిగా నమోదు చేసుకున్నాడు. తర్వాత పదకొండు బుల్లి డబ్బాలు విప్పి, గోడ మీద అడుగేసి వెడల్పున పదకొండు మచ్చలు పులిమి, కింద పెన్సిలుతో నంబర్లు వేశాడు. అలసిన ముత్యం, నిదానపు ఇసుక, పొరుగింటి మేఘం, పశ్చాత్తాపపు మీగడ, ఇలా ఉన్నాయి వాటి పేర్లు. మామూలు కళ్ళకు పదకొండూ తెలుపే. మిషనక్క కళ్ళు మామూలువి కావు కాబట్టి, ఆవిడకు తొమ్మిదే కనబడ్డాయి, మూడూ ఏడూ ఒకటే, ఆరూ పదీ ఒకటే. ఆ ముక్క చెప్పింది కూడా. అది సూచన నంబరు రెండు.

తడి రంగుకు దారపు పీచు అంటుకుంటుందని హాలును పరిశీలనా ప్రాంతంగా ప్రకటించారు. కుట్టుమిషను వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యికీ సింకుకూ మధ్య ఇరుకున కూర్చుని మిషనక్క తొక్కుతూ ఉండేది, బట్టలిచ్చేవాళ్ళు పెరటి తలుపు నుంచి వచ్చిపోయేవాళ్ళు. ఇటు హాల్లో భర్త తలుపు పక్క మేకుకు ఒక రిజిస్టరు వేలాడదీశాడు. ప్రతి మచ్చనూ పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, ట్యూబులైటు కింద, కరెంటు లేనప్పుడు, అయిదు విధాలా చూసి సంతకం చేయాలి. కర్మకాలి ఆ రోజుల్లో కరెంటు ఒక్కసారీ పోలేదు. అందుకని పరిశీలనకు భంగం కలగకుండా ప్రతి శనివారం రాత్రి భర్తే మెయిను స్విచ్చి కట్టేసేవాడు. ఇరవై నిమిషాలు. వంటింట్లో మిషనక్క చీకట్లో, సగం కుట్టిన చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చునేది.

ఆదివారమైతే బావగారు వచ్చేవారు. అభిప్రాయం చెప్పకుండా ఎవరి గడపా దిగని మనిషి. గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "అలసిన ముత్యంలో ఎక్కడో ఎరుపు తగులుతోందిరా" అనేవారు. మర్నాడు ఎరుపు తగ్గించిన అలసిన ముత్యం వచ్చేది. దాంట్లో నీలం తగిలేది. ఎవరూ ఇది బాగుందనరు, ఇది బాగాలేదనరు, అందరూ గోడ మీద పిల్లులే. అన్నదమ్ములిద్దరూ సలహాధికారితో కలిసి మీనమేషాలు లెక్కపెడుతూ ఉంటే, రెండు నెలల్లో పదకొండు మచ్చలు ముప్పై ఏడయ్యాయి. నడుమ మిషనక్క మూడుసార్లు హాల్లోకి వచ్చి చిలకపచ్చ మాటెత్తింది. మూడుసార్లూ భర్త ఎంతో ప్రేమగా, "నీ ఇష్టమేగా చివరికి! కాస్త ఓపికపట్టు" అన్నాడు. ఆవిడ ఓపికపట్టింది. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉంది కదా.

చివరికి ఒక ఆదివారం ఎంపిక సమావేశం జరిగింది. ముగ్గురూ గోడ ముందు కుర్చీలు వేసుకుని ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఒకటి పాలిపోయింది, రెండు పొగరుగా ఉంది, అయిదులో నిజాయితీ లేదు. ఇరవై రెండు దాటి ఇరవై మూడుకు వెళ్ళబోతూ బావగారు ఆగిపోయారు. ఆ రెండిటి నడుమ నంబరు లేని నలుచదరపు మచ్చ ఒకటుంది. లేతగా, హాయిగా, చుట్టూ ఉన్న గోడ కన్నా ఒక పిసరు కాంతిగా ఉంది.

"రంగంటే ఇదిరా!" అన్నారు బావగారు. కుర్చీలోంచి లేచి గోడకు దగ్గరగా వెళ్ళారు. "దీన్ని ఎంచినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి."

సలహాధికారి కూడా లేచి నిలబడ్డాడు. ఇందులో ప్రశాంతత ఉంది, లోతు ఉంది, ఈ కుటుంబపు ఆత్మ ఉంది అన్నాడు. నంబరు వేయడం మర్చిపోయినందుకు క్షమాపణ చెప్పుకుని, పెన్సిలుతో ముప్పై ఎనిమిది అని వేశాడు. భర్త రిజిస్టరు అందుకున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మిషనక్కకు ఒక్క చూపు చాలింది. అది మచ్చా కాదు, నమూనా కాదు. క్యాలెండరు దింపిన చోటు. పదకొండేళ్ళు ఎండా దుమ్మూ తగలకుండా క్యాలెండరు వెనక దాక్కున్న పాత గోడ. అక్షరాలా బావగారి గోధుమ.

"అది కొత్త రంగు కాదండీ, పాత గోడే. అక్కడ క్యాలెండరు ఉండేది" అంది.

ముగ్గురూ ఆవిడ వైపు చూశారు. సలహాధికారి చేతి గడియారం కూడా చూశాడు.

"సూచనల గడువు నిన్న సాయంత్రం ఐదింటితో ముగిసింది మేడమ్" అన్నాడు.

సంతకాలైపోయాయి. ఒక చిన్న యంత్రాన్ని గోడకు ఆనించి రంగును కొలిచారు. కంపెనీ దానికి 'నవోదయ గోధుమ' అని నామకరణం చేసి, ఇంతకు ముందెన్నడూ ఏ ఇంట్లోనూ లేని రంగని హామీపత్రం ఇచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే వినడమే గానీ, ఆ ఎలుకకు హామీపత్రం ఇవ్వడం అప్పుడే చూడటం. మిషనక్క వంటింట్లోకి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. కోపంతో కళ్ళనిండా నీళ్ళు నిలిచాయి. రంగు పోయినందుకు కాదు, అడిగి మరీ వినలేదని.

బుధవారం పెయింటరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా గోడలకు రంగులేస్తున్న మనిషి. కొత్త డబ్బా మూత తీసి గోడను చూశాడు, గోడను చూసి డబ్బాను చూశాడు.

"అక్కా, ఇది ఉన్న రంగే కదా?"

"అవును."

"మరి వేయాలా?"

"సంతకాలయ్యాయి" అంది మిషనక్క.

సంతకాలన్న మాట విన్నాక పెయింటరు బ్రష్షు అందుకున్నాడు. గోధుమ మీద గోధుమ, రెండు పూతలు, హాలంతా మూడు రోజుల్లో పూర్తిచేశాడు. నాలుగో రోజు భర్త ఆఫీసుకెళ్ళాక నిచ్చెన పట్టుకుని వంటింట్లోకి వచ్చి, యాప్ ఇచ్చిన ఉత్తర్వు కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"అక్కా, హాలు సీలింగు తెలుపని రాశారు. పడగ్గది సీలింగు తెలుపన్నారు. వంటింటి సీలింగుకు 'వర్తించదు' అని ఉంది. వర్తించదంటే ఏ రంగు?"

మిషనక్క తొక్కడం ఆపింది. ఆ రెండు నెలల్లో ఆవిడను ఏ రంగని అడిగిన మొదటి మనిషి అతనే. కాగితం తీసుకుని చూసింది. నిజమే, అలాగే ఉంది, కింద నిర్ణేత సంతకంతో సహా. లేచి వంగి, సింకు కింద చెయ్యి పెట్టి, లీటరు డబ్బా బయటికి లాగింది.

"ఇదీ."

పెయింటరు మూత తీసి, పుల్లతో కలిపి చూసి, తల గోక్కున్నాడు. "అయ్యగారిని ఒక మాట అడగొద్దా?"

"కాగితంలో ఏముంది?"

"వర్తించదని."

"మరింకేం?"

అతను నిచ్చెన ఎక్కాడు. చిన్న వంటిల్లు కాబట్టి లీటరు డబ్బా రెండు పూతలకు సరిపోయింది. సాయంత్రం ఎండ పెరటి తలుపులోంచి పడి, ఆ పచ్చదనం కుట్టుమిషను మీద, గిన్నెల మీద, ఆవిడ చేతుల మీద పరుచుకుంది. మిషనక్క తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. ఎంత సంతోషమేసిందంటే, కాసేపు వంట సంగతే మర్చిపోయింది.

భర్త ఇంటికొచ్చి, హాలు మధ్య నిలబడి నాలుగు గోడలూ తిరిగి చూసుకున్నాడు. పద్ధతి ప్రకారం జరిగిన పనిలో ఉండే తృప్తే వేరు. "ఎలా ఉంది?" అని గుమ్మంలోకి వచ్చిన ఆవిడను అడిగాడు.

"అచ్చం మన ఇల్లులాగే ఉందండీ" అంది మిషనక్క.

ఆయన కదిలిపోయాడు. ఆ మాటను అప్పటికప్పుడే యాప్‌లో ఎక్కించి ఐదు నక్షత్రాలిచ్చాడు. కంపెనీవాళ్ళకు అది ఎంతగానో నచ్చి, భర్త ఫొటోతో ప్రకటన వేసుకున్నారు. (నిబంధనల ప్రకారం సూచకుల పేర్లు ప్రచురించబడవు.) పరిశీలనా ప్రాంతం రద్దైంది కాబట్టి మిషనును హాల్లోకి తెచ్చుకోమన్నాడు. వంటింట్లోనే వెలుతురు బాగుందని ఆవిడ అంది. ఆ ఇరుకులో వెలుతురేమిటని ఆయన ఒక క్షణం ఆశ్చర్యపోయి, టీవీ పెట్టుకున్నాడు.

ఆవిడ ఏమీ దాచలేదు. ఎవరైనా అడిగితే చెబుదామనే ఉంది. బట్టలివ్వడానికి పెరటి తలుపు నుంచి వచ్చేవాళ్ళంతా అడిగారు కూడా, ఇద్దరు తమ ఇళ్ళల్లోనూ వేయించుకున్నారు. బావగారు ఆదివారాలు వచ్చి హాలును మెచ్చుకుని పోతున్నారు. ఇప్పటికి ఏడు నెలలైంది. భర్త రోజుకు రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి, కాఫీ కప్పు అందుకుని, వెనక్కి వెళుతున్నాడు. సీలింగు ఆయనకు ఇంకా వర్తించలేదు.