గోడ మీది బావగారు

ఆ ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. లేవడం, గడ్డం గీసుకోవడం, బస్సెక్కడం, స్టేడియం దగ్గర దిగడం, కూతురు పరుగు ముగించే గీత పక్కన నిలబడటం. ఇంతే. చిన్నపిల్లాడికి అప్పజెప్పినా చక్కబెట్టుకొస్తాడు. కానీ ఇదే పథకాన్ని ఇంతకుముందు మూడు పందేలకు వేసి, మూడుసార్లూ చెడగొట్టుకున్న ఘనత ఆయనది. మొదటిసారి బస్సు కిటికీలోంచి మబ్బులు చూస్తూ చివరి స్టాపుదాకా వెళ్లిపోయాడు. రెండోసారి ఎవరింట్లోనో వయొలిన్ సాధన చేస్తుంటే గోడవారన నిలబడి ఉండిపోయాడు. మూడోసారి మాత్రం వెళ్లాడు. సరైన చోటికే వెళ్లాడు. కాకపోతే మర్నాడు వెళ్లాడు.

అందుకే ముందురోజు సాయంత్రం కూతురు ఆయన పక్కన కూర్చుని, బూట్ల లేసులు సరిచేసుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"రాలేనంటే రాలేనని చెప్పేయి నాన్నా, నేనేమీ అనుకోను. వస్తానంటే మాత్రం పరిగెత్తినంతసేపూ నా చూపు గేటు మీదే ఉంటుంది. పోయిన మూడుసార్లూ అలాగే వెనకబడ్డాను."

పిల్ల ఓడిపోయిందని తెలుసు గానీ, తన వల్ల ఓడిపోయిందని ఆయనకు అంతవరకూ తట్టలేదు. "వస్తాను తల్లీ. ఈసారి ఆకాశం ఊడిపడ్డా వస్తాను" అన్నాడు. వంటింట్లోంచి ఆయన భార్య, "ఆకాశం ఊడిపడితే చూస్తూ నిలబడిపోరూ మీరు" అంది.

తల్లీకూతుళ్లు తెల్లవారకముందే స్టేడియానికి వెళ్లిపోయారు. ఈయన గడ్డం గీసుకుని, టీవీ జోలికి పోకుండా, ఫోను ఛార్జింగులోనే వదిలేసి వీధిలోకి వచ్చాడు.

ఈయన కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. ఊళ్లో సగంమందికి చూపు సరిచేసింది ఈయనే. తనకు మాత్రం చెయ్యి చాపినంత దూరం దాటితే ఏదీ ఆనదు. ఆయనకో రహస్యమైన విలాసం ఉంది. దుకాణం తెరిచేదాకా కళ్లజోడు జేబులోనే ఉంచుకుంటాడు. అద్దాలు లేకపోతే లోకం మెత్తబడుతుంది. వీధి దీపాలు పూలవుతాయి, చెత్తబుట్టలు చిన్న చిన్న కొండలవుతాయి, ఎదురొచ్చేవాళ్లకు మొహాలుండవు కనుక అందరూ మంచివాళ్లే అవుతారు. రోజంతా మిల్లీమీటర్లతో, గీతలతో, అక్షరాలతో వేగే మనిషికి ఆ కాసేపు నిద్ర లేకుండానే వచ్చే కలలాంటిది. ఆ పొద్దున మంచు కూడా పట్టింది. ఆయనకు పండగే.

ఇక్కడ ఆయనకు తెలియని సంగతి ఒకటి చెప్పుకోవాలి. స్టేడియం గోడ మీద, అక్కడి పిల్లలకూ పెద్దలకూ పరుగు నేర్పే కోచ్ బొమ్మ రెండంతస్తుల ఎత్తున ఉంది. దాన్ని గీసింది ఈయన బావమరిదే. ఆ కోచ్ ఎప్పుడూ టోపీ, నల్ల కళ్లద్దాలు లేకుండా కనిపించడు. కూర్చుని బొమ్మ గీయించుకునే తీరికా లేదు. "కళ్లు లేని బొమ్మ బొమ్మేనా" అని బావమరిది మథనపడి, చివరికి దగ్గర్లో ఊరికే దొరికే మొహం కదా అని బావగారి మొహాన్నే గీసిపారేశాడు. ఎటో దూరంగా చూస్తున్న ఆ కళ్లను చూసి జనం, "దూరదృష్టి ఉన్న మనిషి" అని మెచ్చుకున్నారు. అది హ్రస్వదృష్టి అని కనిపెట్టినవాడు లేడు. భార్యకూ కూతురికీ విషయం తెలుసు. "చెప్పామంటే ఆయన కాళ్లు ఇక నేల మీద ఆనవు" అని ఇద్దరూ నోరు మెదపలేదు. ఈయన ఆ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఏదో రంగుల మబ్బు అనుకుని ఆనందించేవాడు.

సరిగ్గా ఆ ఉదయమే ఆ కోచ్ మీద నిషేధం పడింది. ముగ్గురు పెద్ద రన్నర్లకు నిషేధించిన మందులు ఇప్పించాడని తేలింది. టీవీవాళ్లకు నల్లద్దాల ఫొటో తప్ప ఏమీ దొరక్క, గోడ మీది బొమ్మనే చూపించారు. పొద్దుటినుంచీ ప్రతి ఇంటి గోడ మీదా మన కళ్లజోళ్లాయన దూరంగా చూస్తూనే ఉన్నాడు.

ఆయన బస్సెక్కగానే లోపల మాటలు ఆగిపోయాయి. అసలు అంతవరకూ అక్కడ జరుగుతున్నది పెద్ద సభే. ఒకాయన ఉరి తియ్యాలంటున్నాడు. ఒకావిడ, ఉరి ఎందుకండీ, అదే మందు వాడికిచ్చి ఊరి చుట్టూ పరిగెత్తించాలంటోంది. వెనక సీటాయన, "నాకు ఎప్పుడో తెలుసు" అంటున్నాడు. ఆయనకు అన్నీ ఎప్పుడో తెలుసు, జరిగిన తర్వాత చెబుతాడు. ఇంతలో ఆ బొమ్మే నడిచొచ్చి టికెట్ అడిగింది. ముందుగా తేరుకున్న ఉరి ఆయన లేచి పిడికిలి ఊపాడు. మసకలో ఈయనకు చెయ్యి ఊపినట్టే కనబడింది. ఈయనా నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"చూశారా తెగింపు" అన్నాడు వెనక సీటాయన. "నాకు ఎప్పుడో తెలుసు."

"ఏవండీ, సిగ్గుగా లేదూ" అంది ఆవిడ.

ఈయనకు తను తప్పిన మూడు పందేలూ గుర్తొచ్చాయి. "మీకూ తెలిసిందా అండీ" అన్నాడు.

"ఊరంతా తెలిసింది. పసిపిల్లల నమ్మకంతో ఆడుకుంటారా ఎవరైనా."

ఊరంతా అంటే ఈయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. భార్యకు స్నేహితురాళ్లు ఎక్కువ. తండ్రి ఇచ్చిన మాట తప్పితే పదిమందీ నాలుగు చీవాట్లు పెట్టడం న్యాయమే అనిపించింది. "నిజమేనండీ. ఇవాళ దిద్దుకుందామనే బయల్దేరాను" అని వినయంగా కూర్చున్నాడు. దాంతో బస్సులో ఉన్నవాళ్లంతా తమ స్టాపుల్లో దిగడం మానేసి, ఈ దిద్దుకోవడం ఎలా ఉంటుందో చూద్దామని స్టేడియం దాకా వచ్చారు.

స్టేడియం గోడ దగ్గర మంచులో జనం ముద్దగా ఉన్నారు. బావమరిది నిచ్చెనెక్కి, బొమ్మకు ఆదరాబాదరాగా మీసాలు గీస్తున్నాడు. కింద ఎవరో "సాక్ష్యం చెరిపేస్తున్నాడు" అని నిచ్చెన ఊపుతున్నారు. అంతలో పైనుంచి బావగారు కనబడేసరికి అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"బావా, ఇంటికి పో. మళ్లీ చెప్తాను, ముందు ఇంటికి పో."

"ఇవాళ ఎవరు చెప్పినా వెళ్లనురా" అన్నాడు ఈయన గొంతు పెంచి. "మూడుసార్లు చేశాను తప్పు. నాలుగోసారి చెయ్యను."

"మూడుసార్లట" అన్నారు జనం. టీవీ చెప్పిన లెక్కతో అచ్చంగా సరిపోయింది.

ఇక ఆపేవాళ్లెవరు? గేటు దగ్గర ఆయన చుట్టూ గుంపు మూసుకుంది. ఆ మసకలో ఎరుపూ పసుపూ రంగులు చుట్టూ తిరుగుతుంటే ఆయనకు నీళ్లలో ఉన్నట్టుంది, మాటలు కూడా నీళ్ల అడుగునుంచి వచ్చినట్టే వినిపిస్తున్నాయి. గేటు కాపలాదారు తాళం బిగించి, "నిషేధమున్న మనిషికి లోపలికి ప్రవేశం లేదు" అన్నాడు. పిల్ల తనమీద ఇంత కోపం పెట్టుకుని కాపలా కూడా పెట్టించిందా అని ఈయన కళ్లు చెమ్మగిల్లాయి. అంతలో టీవీ అమ్మాయి మైకు ఆయన మొహం ముందు పెట్టింది.

"మీరు చేసింది తప్పని ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోక ఏం చెయ్యనమ్మా. మనల్ని నమ్మినవాళ్లని మోసం చెయ్యడం చాలా తేలిక. వాళ్లు అనుమానించరు కదా."

"ఎందుకు చేశారు?"

"కావాలని కాదమ్మా. నేనెప్పుడూ వేరే లోకంలో ఉంటాను."

"మందు ప్రభావంలోనా?"

"లేదమ్మా, ఏమీ వాడకుండానే అలా ఉంటాను. మా ఆవిడ కూడా ఇదే అడుగుతుంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన ఆగలేదు. చాలాకాలంగా లోపల దాగున్న మాటలు మైకు కనబడగానే వరసగా బయటికొచ్చాయి. "పరిగెత్తే పిల్ల ముందుకి చూడాలి. నా వల్ల వెనక్కి చూసింది. పతకం పోతే మళ్లీ వస్తుంది, పోయిన ఆ చూపు నేను తిరిగివ్వలేను. నన్ను మీరు ఎన్ని తిట్టినా పడతాను. కానీ ఈ ఒక్కసారికి లోపలికి వెళ్లనివ్వండి. గీత పక్కన నిలబడి వచ్చేస్తాను."

విసరడానికి టమాటాలు తెచ్చుకున్న ముసలమ్మ వాటిని మళ్లీ సంచిలో వేసుకుంది. ఉరి ఆయన ముక్కు చీదాడు. "మనిషన్నాక తప్పు చేస్తాడు, ఇలా ఒప్పుకునేవాడేడీ ఈ రోజుల్లో" అన్నాడు ఒకాయన. "మంచివాడని నాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు వెనక సీటాయన. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు గానీ, జనానికి ఆ రెంటి మధ్య పట్టే వ్యవధి తక్కువ. ఇందాకటి గుంపే కాపలాదారు మీద విరుచుకుపడి, గేటు తీయించి, ఈయన్ని దాదాపు మోసుకెళ్లి గీత పక్కన నిలబెట్టింది.

అక్కడ ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మంచు పలచబడింది. ఎర్రటి నేల, తెల్లటి గీతలు, దూరపు మలుపులో పిల్లలు, అన్నీ ఒక్కసారిగా అంచులతో సహా కనబడ్డాయి. కూతురు నాలుగో స్థానంలో ఉంది. అలవాటుకొద్దీ గేటు వైపు చూసింది. గేటులో ఎవరూ లేరు. ఆ మొహం వాడిపోవడం ఆయన స్పష్టంగా చూశాడు. మూడుసార్లూ ఈ మొహమే కదా చూడకుండా తప్పించుకున్నాను అనుకున్నాడు. ఇంతలో ఆమె ముందుకు తిరిగింది, గీత పక్కన తండ్రి. ఆ తర్వాత ఆమె ఎవరి వైపూ చూడలేదు. రెండో స్థానంలో గీత దాటి, ఆగకుండా వచ్చి తండ్రి మీద పడింది.

"వచ్చావా" అంది ఊపిరి అందక.

ఆయన జవాబు చెప్పేలోపే బయటి ఊరినుంచి వచ్చిన పోటీల అధికారి పరుగున వచ్చాడు. "నిషేధంలో ఉన్న కోచ్‌తో మైదానంలో కలిసిన అమ్మాయి ఫలితం చెల్లదు."

కూతురు తండ్రికి చకచకా నాలుగు ముక్కల్లో కోచ్ సంగతీ, గోడ సంగతీ చెప్పింది. కళ్లజోళ్లాయన మొహం తెల్లబోయింది. "నేను కోచ్‌ని కానండీ, కళ్లజోళ్లు అమ్ముకుంటాను" అన్నాడు.

"ఇందాక ఊరందరి ముందూ ఒప్పుకున్నారుగా."

"అవును, మేమే విన్నాం" అన్నారు జనం. అంత మంచి పశ్చాత్తాపాన్ని వదులుకోవడానికి వాళ్లు సిద్ధంగా లేరు.

భార్య తోసుకుంటూ వచ్చింది. "ఈయన మా ఆయనండీ."

"కోచ్‌కి భార్య ఉండకూడదా?" అన్నాడు అధికారి. రంగు చేతులతో వచ్చిన బావమరిది తప్పంతా తనదేనన్నాడు. "బంధువుల సాక్ష్యం పనికిరాదు" అన్నాడు అధికారి.

మూడో వరస బెంచీ మీద అసలు కోచ్ ఉన్నాడు. టోపీ, నల్లద్దాలు తీసేసి, దర్జాగా గేటులోంచే వచ్చాడు. ఆయన అసలు మొహం పిల్లలు సైతం ఎన్నడూ చూడలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నవాడు సగం లేచాడు. లేస్తే నిజం చెప్పాల్సి వస్తుందని మళ్లీ కూర్చున్నాడు.

కూతురు కళ్లు తుడుచుకుంది. "సార్, మా కోచ్ రోజూ పొద్దున్నే మాతో ఉంటారు. ఒక్క పందెం మానలేదు. ఈయన్ని ఎప్పుడైనా ఇక్కడ చూశారేమో వీళ్లని అడగండి" అని తోటి పిల్లలను చూపించింది.

అధికారి ఒక్కొక్కరినీ అడిగాడు.

"ఎప్పుడూ చూళ్లేదు సార్."

"నేనూ చూళ్లేదు."

"వస్తారు వస్తారు అనేది సార్. ఎప్పుడూ రాలేదు."

"అసలు దీనికి నాన్న ఉన్నాడా అనుకునేవాళ్లం సార్" అంది చివరి పిల్ల.

కళ్లజోళ్లాయన తల వంచుకుని ఒక్కో సాక్ష్యమూ విన్నాడు. ప్రతి మాటా పిల్ల పతకాన్ని ఒక మెట్టు దగ్గరికి తెస్తోంది, ప్రతి మాటా ఆయన్ని ఒక మెట్టు కిందికి దించుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక కూతురు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అధికారి చాలాసేపు ఆలోచించాడు. "ఇంతమంది ఒక్కసారీ చూడలేదంటే కోచ్ అయ్యే అవకాశం లేదు. తండ్రే అయి ఉంటాడు" అని రెండో స్థానం ఖాయం చేశాడు.

బస్సు స్టాపుకి నడుస్తూ ఆయన అడిగాడు. "మళ్లీ పందెం ఎప్పుడమ్మా?"

"వచ్చే నెల. ఈసారి అందరికీ నీ మొహం తెలిసిపోయింది నాన్నా, ఇక సాక్ష్యాలు దొరకవు." రెండడుగులు ముందుకేసి, "అయినా రా" అంది.

టీవీవాళ్లు ఆ సాయంత్రమంతా గేటు దగ్గరి మాటలే వేశారు. ఇళ్లలో జనం కళ్లు తుడుచుకున్నారు. అసలు కోచ్ మాత్రం ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు. జనం అప్పటికే క్షమించేశారు గనక ఆ అవసరం పడలేదు.