పది నిమిషాలకోసారి లాగౌటయ్యే మహాభాగ్యం

పనిముట్టు సరిగ్గా పనిచేయకపోవడమంత గొప్ప వరం ఈ లోకంలో ఇంకోటి లేదు! నవ్వకండి. ప్రింటర్ మొరాయిస్తే తిట్టుకునేవాళ్లూ, స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటే పళ్లు నూరేవాళ్లూ ఇది చివరిదాకా చదవండి. చదివి, మీ టెక్నాలజీ అధికారి గది ఎటువైపుందో కనుక్కుని అటు తిరిగి దండం పెట్టండి.

నీళ్ల పంపుల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ. దాని గోడౌన్‌ని పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్న మనిషిని అందరూ స్టోరక్క అంటారు. ఏ వాషర్ ఏ అరలో ఉందో ఆవిడకి కళ్లు మూసుకున్నా తెలుసు. స్కానర్‌ని పెట్టె మీద ఆనించాలి, అది కుయ్‌మనాలి, పెట్టె బండెక్కాలి, బండి నాలుగింటికల్లా కదలాలి. ఇంతే పని. ఇందులో వ్యూహం ఏదండీ? విలువ ఏదండీ? పాపం, పద్దెనిమిదేళ్లుగా ఆ మనిషి ఊరికే పని చేసుకుంటూ పోతోంది!

ఈ ఘోరం చూసి గుండె కరిగినవాడు టెక్నాలజీ చీఫ్. మూడు నెలల కిందట కొత్తగా చేరాడు. చేరీచేరగానే ‘ఐటీ అంటే వైర్లు కాదు, వ్యూహాత్మక విలువ!’ అని గోడలనిండా అంటింపించాడు. బాత్రూమ్ అద్దం మీద కూడా. మొహం కడుక్కుని తలెత్తితే మీ మొహం కనపడదు, విలువ కనపడుతుంది.

తర్వాత స్కానర్ మీద పడ్డాడు. భద్రత కోసం పది నిమిషాలకోసారి అది తనంతట తానే లాగౌటవుతుంది. మళ్లీ తెరవాలంటే పదహారు అక్షరాల పాస్‌వర్డ్. అందులో ఒక అంకె, ఒక గుర్తు, ఒక పెద్దక్షరం ఉండాలి. స్కానర్ మీద మీటలేమో కందిగింజంత. అక్క చేతులకేమో గ్రీజు గ్లవ్స్. అవి ఊడదీసి, కొట్టి, తప్పు పడి, మళ్లీ కొట్టి, గ్లవ్స్ తొడుక్కునేసరికి ఆరు నిమిషాలు. మిగిలిన నాలుగు నిమిషాల్లో పని. మనిషికి ఇంతకంటే విశ్రాంతి ఎవరిస్తారు?

చిన్న ఇబ్బందల్లా ఒకటే. బండి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే గోడౌన్ బయటి కాంట్రాక్టర్ చేతికి పోతుంది. అక్కా, ఆవిడ కింద ఉన్న ఐదుగురూ ఇంటికి పోతారు. అదీ కంపెనీ రూలు.

అక్క హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది.

“తమ్ముడూ, ఈ దిక్కుమాలినదాన్ని కాస్త మేలుకునుండేలా చెయ్యవూ?”

“ఒక్క టిక్కు తీసేస్తే చాలక్కా. అర నిమిషం పని.”

“తీసెయ్యి మరి!”

“కమిటీ ఒప్పుకోవాలి.”

“ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?”

“కూర్చుందక్కా, మూడుసార్లు. మొన్న నీ సంగతి కూడా వచ్చింది. నీకు అవార్డు ఇస్తున్నారు.”

“నాకా? ఏం ఘనకార్యం చేశానని?”

“లాగిన్లక్కా! రోజుకి నలభై ఎనిమిది! కంపెనీ మొత్తంలో నువ్వే ఫస్టు.”

చూశారా! చీఫ్ గదిలో గోడంత స్క్రీన్ ఉంది. ఎవరు టెక్నాలజీని ఎంత ప్రేమిస్తున్నారో అది లాగిన్లలో కొలుస్తుంది. అకౌంట్స్‌వాళ్లు పొద్దున్న ఒక్కసారి లాగినై సాయంత్రందాకా నోరెత్తకుండా పని చేసుకుంటున్నారు. ఎంత సోమరితనం! స్టోర్ గ్రాఫేమో పైకప్పు తన్నుకుని పోతోంది. చీఫ్‌కి కళ్లు చెమర్చాయి. గోడౌన్‌కి దక్కిన భాగ్యం అందరికీ దక్కాలన్నాడు. మర్నాటినుంచి కంపెనీ మొత్తం పది నిమిషాలకోసారి లాగౌట్!

ఇక చూస్కోండి సంబరం. సెలవు చీటీకి ‘అయ్యా’ అని రాస్తే చాలు, లాగౌట్. ‘విన్నపము’ అనేసరికి ఇంకో లాగౌట్. కాఫీ మిషన్ సగం కప్పు పోసి ఆగుతుంది, మిగతా సగానికి పాస్‌వర్డ్. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ‘మీరెవరు?’ అని అడిగింది. లోపలున్నాయన తను ఎవరో గుర్తు తెచ్చుకునేసరికి లంచ్ అయిపోయింది. లాగిన్లు పదింతలయ్యాయి! చీఫ్ గీసిన బాణం స్లైడులో పట్టక పక్క స్లైడులోకి పోయింది.

అవార్డు రోజు రానేవచ్చింది. మధ్యాహ్నం మూడున్నరకి చీఫ్ మొట్టమొదటిసారి గోడౌన్‌లో కాలు పెట్టాడు. చేతిలో గాజు ఫలకం, ఇంకో చేతిలో ట్యాబ్లెట్. ఇంకా పదకొండు పెట్టెలు బండెక్కాలి. కంపెనీ అంతా ఒక్కసారే లాగినవుతుంటే సర్వర్‌కి ఊపిరాడటం లేదు. స్కానర్ మీద చక్రం తిరుగుతోంది.

చీఫ్ ట్యాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా ఉపన్యాసం మొదలెట్టాడు. అక్క గడియారం వంక చూసింది. ఐదుగురి మొహాల వంక చూసింది. స్కానర్‌ని బల్ల మీద పడేసి, ఒక కాగితం లాక్కుని, చెవి వెనకున్న పెన్ను తీసింది.

“నంబర్లు గట్టిగా చదవండ్రా! డ్రైవర్ బాబాయ్, ఇక్కడ సంతకం పెట్టు!”

“స్కాన్ వద్దా అమ్మాయ్?”

“నీ బండికి చక్రాలున్నాయా లేవా? పద!”

మూడూ యాభై ఎనిమిదికి బండి గేటు దాటింది. చీఫ్ ఉపన్యాసం ఇంకా ‘భవిష్యత్తు’ దగ్గరే ఉంది. అంతలో సిగ్నల్ తగ్గింది. ట్యాబ్లెట్ పైకెత్తి పట్టుకుని వెతుక్కుంటూ, ఇందాకటిదాకా బండి ఆగి ఉన్న చోట సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

నాలుగూ ఐదుకి ట్యాబ్లెట్ ఎర్రబడింది.

“మేడమ్, బండి ఇంకా కదల్లేదు. మూడో ఆలస్యం. సారీ.”

“వెళ్లిపోయింది సార్.”

“సిస్టమ్‌లో ఇక్కడే ఉంది.”

“మీ కళ్లతో చూడండి సార్!”

“నా కళ్లతో రిపోర్టు ఎలా పంపుతానండీ? సిస్టమ్ ఉందంటే ఉన్నట్టే.”

అక్క ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది.

“అయితే పక్కకి రండి సార్. బండి కింద ఉన్నారు.”

ఐదుగురూ నవ్వు ఆపుకోలేక పెట్టెల వెనక్కి పోయారు. చీఫ్ కిందకి చూసుకున్నాడు. పైకి చూశాడు. చుట్టూ ఉత్త నేల. చెవులు కందిపోయాయి. ట్యాబ్లెట్ చంకలో పెట్టుకుని, మెల్లగా, రెండడుగులు పక్కకి జరిగాడు. తర్వాత అక్క దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఆవిడ కాగితం కిందే ‘3:58, నేను చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు. ఆరుగురి ఉద్యోగాలూ నిలిచాయి.

టెక్నాలజీ అధికారులు వ్యాపారానికి వ్యూహాత్మక విలువ ఎలా తెస్తారని పెద్దపెద్ద సదస్సుల్లో మూడేసి రోజులు కొట్టుకుంటున్నారే! ఇలా తెస్తారయ్యా. పని జరిగే చోటికి ఒక్కసారి నడిచి రండి. చేసే మనిషి ఏమడుగుతోందో వినండి. వినే ఓపిక లేదా, సరే, కనీసం బండికి అడ్డం నిలబడకండి.