దయచేసి కవరు తీయకండి

కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కవరు తీసేవాడికి పరలోకంలో చోటు దొరకడం కష్టం. ఈ మాట ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. కోపం వచ్చినవాళ్ళు చదవడం ఇక్కడే ఆపి, వెళ్ళి తమ సోఫా కవర్లు చింపుకోవచ్చు.

మన దగ్గరున్న ప్రతి వస్తువూ దేవుడిచ్చిందే కదా? దేవుడిచ్చినదాన్ని భద్రంగా ఉంచాలి కదా? భద్రంగా ఉంచడమంటే ఏమిటి? ఇచ్చిన రోజు ఎలా ఉందో, ఆయన మళ్ళీ అడిగిన రోజూ అలాగే ఉండటం! ఈ పనికి కవరును మించిన సాధనం మానవజాతి ఇంతవరకూ కనిపెట్టలేదు.

ఒకసారి మా ఇంటికి రండి. మా సోఫా మీద కూర్చుంటే కరకరమంటుంది. లేచి వెళ్ళబోతే ఒంటికి అంటుకుని, ఇంకాసేపు కూర్చోమని బతిమాలుతుంది. అంత మర్యాద తెలిసిన సోఫా మీ ఇంట్లో ఉందా? టీవీ రిమోటును సంచిలో పెట్టి రబ్బరు బ్యాండు వేశాను. అంకెలు కనబడవు. ఏ బటన్ నొక్కితే ఏ చానల్ వస్తుందో తెలియదు. ఆ పూట దేవుడు ఏది చూపిస్తే అది చూస్తున్నాం. ఇంతకంటే వినయం ఏముంటుంది?

నా ఫోనుకు అద్దం, అద్దం మీద అద్దం, దాని మీద పౌచ్, దాని మీద జిప్పున్న సంచి. మోగినప్పుడు అవన్నీ విప్పేసరికి ఆగిపోతుంది. ఎన్ని వ్యర్థ సంభాషణల నుంచి ఆ జిప్పు నన్ను కాపాడిందో చెప్పలేను!

ఇక మా పింగాణీ డిన్నర్ సెట్. అది షోకేసులో ఉంటుంది. అతిథులు వస్తారు, అద్దంలోంచి దాన్ని చూసి ఆనందిస్తారు, స్టీలు పళ్ళెంలో తిని వెళ్తారు. ఆ ప్లేట్లకు తగిన అతిథి ఇంకా రాలేదు.

"ప్రభువే మనింటికొచ్చినా స్టీలు పళ్ళెంలోనే పెడతారా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"ఆయన దీనుడు, ఏమీ అనుకోడు" అన్నాను. ఆమె చేతిలోని గరిటె గట్టు మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. సత్యం వింటే కొందరికి అలాగే ఉంటుంది.

ప్రసంగాల్లో ఏడాదికోసారైనా తిట్లు తినే దాసుడొకడున్నాడు, ఎరుగుదురా? బైబిల్లో, యజమాని వ్యాపారం చేయమని ఇచ్చిన తలాంతును, అంటే డబ్బు మూటను, గుంట తవ్వి పాతిపెట్టినవాడు. అతని ఊసెత్తినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏం తప్పు చేశాడండీ? తాగాడా? తందనాలాడాడా? ఆ కాలంలో ప్లాస్టిక్ లేదు, పాపం, మట్టినే కవరుగా కప్పాడు!

నాలోని ఈ సద్గుణాన్ని గుర్తించే మా మందిరం పెద్దలు స్టోరు రూము తాళంచెవి నాకు అప్పగించారు. నన్ను చాటున 'ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు' అంటారని తెలుసు. ఎంగిలి చేత్తో ఎందుకు తోలాలి? చెయ్యి కడుక్కుని తోలితే కాకి వెళ్ళదా?

ఒక్కసారి ఆ గది తలుపు తీస్తే మీ కళ్ళు చల్లబడతాయి. విశ్వాసులు కానుకగా ఇచ్చిన దుప్పట్లు, వంట గిన్నెలు, ఫ్యాన్లు, అన్నీ కవర్లలో, కలరా ఉండల వాసనతో, కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. చలికాలం రాగానే పాస్టరుగారు దుప్పట్లు పంచుదామంటారు. పెద్దమనిషి, కానీ లోకజ్ఞానం తక్కువ. దుప్పట్లు పాడైపోయేది చలికాలంలోనే కదా! వేసవిలో పంచండి, ఒక్కటి నలిగితే నన్నడగండి.

ఆ గదికే మకుటం లాంటిది ఒక చక్రాల కుర్చీ. ఏళ్ళ తరబడి లారీ నడిపి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న ఒకాయన పోయిన ఏడాది తెచ్చిచ్చాడు. "నడవలేనివాళ్ళను ఇందులో మందిరానికి తీసుకురండి" అన్నాడు. మంచి మనసు. నేను ఆ మంచి మనసును ఫ్యాక్టరీ కవరుతోనే ఉంచి, పైన పాత దుప్పటి కప్పి, ఆ పైన టార్పాలిన్ కట్టాను.

పరంజా మీద నుంచి పడి కాలు విరిగిన తాపీమేస్త్రీ ఒకరు దాని కోసం వచ్చారు. తమ్ముడి భుజం పట్టుకుని ఒంటికాలి మీద వచ్చారు. నేను కూర్చోబెట్టి, సిమెంటు దుమ్ము బేరింగుల్లోకి వెళ్తే ఏమవుతుందో ఓపిగ్గా వివరించాను. సంస్కారం ఉన్న మనిషి, దణ్ణం పెట్టి ఒంటికాలి మీదే తిరిగి వెళ్ళారు. అర్థం చేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారండీ లోకంలో!

అసలు చిక్కు మా మేనత్త దగ్గర వచ్చింది. ఆమెను అందరూ 'హార్మోనియం అత్త' అంటారు. ఆమె పాట ఎత్తుకుంటే హార్మోనియమే ఆమె శ్రుతిని వెతుక్కుంటూ వచ్చేది. మోకాళ్ళు అరిగిపోయి ఆమె ఇంటికే పరిమితమైన దగ్గర్నుంచి, పాట ఎత్తుకునే బాధ్యత ట్యూషన్ మాస్టారు తీసుకున్నారు. ఆయన పల్లవే ఆకాశంలో మొదలుపెడతారు. ఉట్టికెగరలేని మేము స్వర్గానికెగరబోయి, రెండో చరణానికల్లా దగ్గుతూ కూర్చుంటాం. దీంట్లోనూ మేలే ఉంది. ఆరాధన త్వరగా ముగుస్తోంది, అన్నం వేడిగా ఉండగానే ఇంటికి చేరుతున్నాం!

మా ఆవిడ మాత్రం చెవిలో జోరీగలా ఒకటే పోరు.

"ఏవండీ, ఆ కుర్చీ మీ అత్తకివ్వండి. ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని ఒక్కతే పాడుకుంటోంది. ఒక్కసారి నలుగురి మధ్యా కూర్చుని పాడాలని ఉందే అని మొన్న నా చెయ్యి పట్టుకుంది."

"సొంత మేనత్తకిస్తే బంధుప్రీతి అనరూ?"

"మరి మేస్త్రీ మనకేమీ చుట్టం కాదుగా? ఆయనకిచ్చారా?"

"సిమెంటు..."

"చుట్టానికివ్వరు, పరాయివాళ్ళకివ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా నివ్వదు అని మిమ్మల్ని చూసే అనుంటారు!"

నేను ఆమెను క్షమించాను. ఎంత చదువుకున్నా కొందరికి బేరింగుల సంగతి తలకెక్కదు.

పోయిన ఆదివారం స్నానం చేసి వచ్చేసరికి చొక్కా జేబులో తాళంచెవి లేదు, ఇంట్లో భార్య లేదు. రెండింటిలో మొదటిదాని కోసం ముందు వెతికాను. దొరకలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మందిరానికి పరుగెత్తాను.

స్టోరు రూము ముందు చిరిగిన కవరు పడి ఉంది. మందిరం లోపల, ముందు వరసలో, కుర్చీ! అందులో మా అత్త! రాత్రి వాన పడింది కదా, చక్రాలకి జానెడు బురద! పక్కనే మా ఆవిడ, ఏమీ ఎరగనట్టు, ముసుగు సర్దుకుంటోంది.

ట్యూషన్ మాస్టారు గొంతు సవరించుకునేలోపే మా అత్త పాట ఎత్తుకుంది. ఎవరి గొంతుకైనా అందేంత కిందగా, మెల్లగా. వెనక వరసలో ఏడాదిగా పెదవి కదపనివాళ్ళు కూడా అందుకున్నారు. ఒక చరణం, ఇంకో చరణం, చివరి చరణం దాకా పాడి, ఆపడం ఇష్టం లేక మళ్ళీ పల్లవికి వచ్చారు. అన్నాలు చల్లారిపోతున్నాయన్న చింత ఒక్కరికీ లేదు. నేను మాత్రం చక్రాలనే చూస్తున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బురదను చూసే సుమండీ!

ఆరాధన అయ్యాక కుర్చీ పక్కన మోకరించి జేబురుమాలుతో చక్రం తుడవడం మొదలుపెట్టాను. మా అత్త నా తల మీద చెయ్యి వేసింది.

"ఇదెప్పుడొచ్చిందిరా నాన్నా?"

"పోయిన ఏడాది" అన్నాను. నోరు జారింది.

"పోయిన ఏడాదా!" అంది. కుర్చీ చేతిని అటూ ఇటూ నిమిరి చూసింది. "బాగా దాచావురా. కొత్తదానిలాగే ఉంది."

వెటకారం కాదు. మా అత్తకు అది చేతకాదు. ఇన్నేళ్ళ నా జాగ్రత్తను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఆ మెప్పు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. తీరా వచ్చాక అది గొంతు దిగలేదు. సిగ్గేసింది.

దేవుడి సొత్తును ఎవరి చేతుల్లోనో పెట్టలేను కనుక, అత్తను ఆమె ఇంటికి నేనే తోసుకెళ్ళాను. వాళ్ళ సందులోకి తిరగగానే ఎదురింటి కిటికీలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన ముసలాయన, వీధికంతా తాతయ్య. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయాక ఆయనకూ ఆ కిటికీయే లోకం.

"ఆపు, ఆపు" అంది మా అత్త. "అన్నయ్యా, వెళ్ళొచ్చాను!"

"పాడావా?"

"కడదాకా పాడాను!" అని, నా వైపు తిరిగింది. "వచ్చే వారం అన్నయ్యని తీసుకెళ్ళరా. ఓ వారం ఆయన, ఓ వారం నేను. ఏడాదిగా ఇద్దరం ఈ కిటికీల్లోంచే మాట్లాడుకుంటున్నాం."

"మరి ఆ వారం నువ్వు?"

"కిటికీ దగ్గర కూర్చుంటాలే. నాకలవాటేగా."

చూశారా పాఠకులారా, కవరు తీస్తే ఎంత ప్రమాదమో! నా దగ్గర ఏడాదిపాటు చెక్కుచెదరని వస్తువు, ఆమెకిచ్చి పూట గడవకముందే పొరుగింటికి వెళ్ళిపోయింది! ఇలాంటివాళ్ళ చేతుల్లో పెడితే దేవుడిచ్చింది ఒక్కచోట నిలుస్తుందా?

అందుకే చెబుతున్నాను, దయచేసి కవరు తీయకండి. తీస్తే అక్కడితో ఆగదు. కడుపులో ఆకలి నకనకలాడుతున్నా ఇంటికి పోనివ్వదు. మీ పాటికి మీరు ఉన్నవాళ్ళు, వెళ్ళి ఎవరి కిటికీయో తట్టాల్సి వస్తుంది.

నేను తట్టాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, "తాతయ్యా, వచ్చే ఆదివారం ఎన్నింటికల్లా తయారుగా ఉంటారు?" అని అడిగాను.

ఆయన బాగున్న చేత్తో చొక్కా కాలరు సర్దుకున్నారు.

"ఇప్పుడే తయారుగా ఉన్నాను బాబూ" అన్నారు.