ఫ్యాను కింది కుర్చీ

పొద్దున్న ఏడింటికి దేముడు స్నానానికి వెళ్తూ ఫోను భార్య చేతిలో పెట్టాడు.

"హైమా, ఈ పది ప్రశ్నలూ నొక్కీవే. ఒక్కరోజు తప్పినా మొదటికొచ్చెత్తాది."

"ఇంగ్లీషు నేర్సుకోవాల్సింది నువ్వా, నేనా?"

"నేర్సుకునేది నేనే. నొక్కేది నువ్వు."

ఖరగ్‌పూర్‌లో, ఇందా బజారు వెనక ఉన్న పార్శిల్ కంపెనీలో దేముడు గుమాస్తా. వ్యాపార ఇంగ్లీషు మాటలు నేర్పే యాప్‌ను మేనేజరు తాలుక్‌దార్ బాబు అందరి ఫోన్లలోనూ ఎక్కించి, రెండు నెలల్లో మొదట నిలిచినవాడే సూపర్‌వైజరు అన్నాడు. సూపర్‌వైజరు కుర్చీ ఫ్యాను కింద ఉంటుంది. పదిహేనేళ్లుగా గోడౌను తలుపు దగ్గర చెమటలు కక్కుతున్న దేముడి గురి ఆ ఫ్యాను మీదే.

డిగ్రీ చదివినా ఇంగ్లీషు మాట్లాడే అవసరమే రాని హైమవతి, పోపు వేస్తూనే నొక్కేసేది. నెల తిరిగేసరికి దేముడు అందరికన్నా ముందున్నాడు. ఎవరు ఏ మాటకు అర్థం అడిగినా "రేపు సెప్తాను" అనేవాడు. మర్నాడు చెప్పేవాడు కూడా. ఆ అర్థాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తోటి గుమాస్తా ఆమోసు పసిగట్టాడు.

"దేముడన్నా, వదిన్ని నాదీ నొక్కమను. లేపోతే బాబుకి సెప్పెత్తాను."

వారంలో పొయ్యిగట్టు మీద ఐదు ఫోన్లు చేరాయి. ఫోన్ల వెంట మనుషులూ, మనుషులకు టీలూ, టీలకు సాయంగా పక్కింటి రాధారాణీ.

చివరి పరీక్ష నోటితో చెప్పి రికార్డు చేయాలి. "మిషనే కదేటి, గొంతెవులు సూడొచ్చారు?" అన్నాడు దేముడు.

మొదట నిలిచిన దేముడి సన్మానానికి కోల్‌కతా నుంచి కంపెనీ యజమానురాలు వచ్చింది. "సునియే మేడమ్, హమారా దేముడు బాబు!" అంటూ తాలుక్‌దార్ బాబు ఆ రికార్డును స్పీకర్లో పెట్టాడు. సరుకు ఆలస్యమైనందుకు చక్కని ఇంగ్లీషులో క్షమాపణ. ఆడగొంతు. మధ్యలో కుక్కర్ ఈల. వెంటనే తెలుగు: "ఓలమ్మా రాధారాణీ, పాలు పొంగిపోతన్నాయి, కాత్త సూడే!"

మేనేజరు కంగారుగా ఆమోసుది పెట్టాడు. అదే గొంతు, రెండో ఈల. ఐదో ఫోను దగ్గరకొచ్చేసరికి పప్పు ఉడికిపోయింది.

"కౌన్ హై యే?" అంది యజమానురాలు.

"మేరా మిసెస్, మేడమ్," అన్నాడు దేముడు నేల చూస్తూ.

ఆమె అక్కడికక్కడే ఫోను చేయించింది. హైమవతి ఇంగ్లీషులోనే మాట్లాడింది. సూపర్‌వైజరుగా రమ్మంటే, పది నుంచి నాలుగు దాకా అయితే వస్తానంది. పాడైందని మొగుడు చెప్పిన ఫ్యాను రెగ్యులేటరు మాత్రం ముందే బాగుచేయించాలంది.

ఇప్పుడు ఆ కుర్చీలో హైమవతి కూర్చుంటోంది. పొద్దున్న ఏడింటికి పొయ్యి దగ్గర దేముడు నిలబడుతున్నాడు. పప్పుకి ఐదు ఈలలని అతను ఆఫీసులోనే నేర్చుకున్నాడు.