గెడ్డ నాచుకు స్వస్థలం

ఈ దేశంలో పుట్టిన ప్రతి ప్రాణికీ ఒక స్వస్థలం ఉండి తీరాలి. అది ఆ ప్రాణి బతుకుతున్న చోటే కానక్కర్లేదు. తండ్రిది ఏ ఊరైతే అదే దానిదీ. (తండ్రి ఊరు తెలియనివారు తాత ఊరు చెప్పుకోవచ్చు. తాత ఊరూ తెలియనివారు సోమవారం రావాలి.) ఈ నిబంధనను మనుషుల కోసమే తయారుచేసినా, నాచుకు వర్తించదని అందులో ఎక్కడా రాసిలేదు. అలా రాసిలేదన్న సంగతిని అరకు కొండల్లో మొట్టమొదట కనిపెట్టినవారు స్థానికత నిర్ధారణాధికారి వీరభద్రరావు గారు. దాని ఫలితం అనుభవించినవాడు రేగపుట్టు వార్డు మెంబరు లాజరస్.

లాజరస్‌కి నాచుతో పాత పేచీ ఉంది. రేగపుట్టుకీ, జీపులు ఆగే రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ పారుతుంది. వానలొస్తే నీళ్లు నడుం దాటుతాయి. అడుగున రాళ్ల మీద నల్లటి నాచు వెన్న పూసినట్టు ఉంటుంది. దాని మీద కాలు జారని మనిషి ఆ ఊళ్లో లేడు. మందిరం ప్రారంభానికి వచ్చిన పాస్టరు గారు సైతం ప్రసంగం మొదలుపెట్టకముందే నిలువునా మునిగారు. అందుకే ఆడవాళ్లు శనివారం శనివారం ఆ రాళ్లను బూడిదతో తోముతారు. లాజరస్ మాత్రం ఒక చిన్న వంతెన కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 2003 వేసవిలో అది మంజూరై కంకర కూడా దిగింది. కూతురు సుజానా తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. వానల్లో నెలలు నిండుతాయి. ఆస్పత్రి గెడ్డ అవతల ఉంది. ఈసారి డోలీ మొయ్యక్కర్లేదు, జీపు ఇంటి ముందుకే వస్తుందన్న సంబరంలో లాజరస్ రోజూ వెళ్లి ఆ కంకర కుప్పను చూసుకుని వచ్చేవాడు.

ఆ కుప్ప పక్కనే ఒకరోజు యూనివర్సిటీ నుంచి వచ్చిన సౌజన్య అనే పరిశోధకురాలు రాళ్ల మీది నాచును చిన్న సీసాల్లోకి గీకుతూ కనిపించింది.

"చూడ్డానికి నల్లగా ఉంది గానీ ఇది ఎర్ర నాచుల్లో చేరుతుందండీ. ఈ నాచుల విషయంలో రంగునీ రూపాన్నీ నమ్మలేం. డీఎన్‌ఏ చూసి తేల్చాలి" అంది.

"రంగేదైతేనేటమ్మా! జారిపోకండా ఏటైనా మందుంటే సెప్పండి."

అలాంటి మందు లేదని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది.

కొన్నాళ్లకు ఆమె నివేదిక వీరభద్రరావు గారి బల్ల మీదికి వచ్చింది. "ఈ నాచు జన్యువును పోల్చి చూడగా దీని దగ్గరి బంధువులు సముద్రంలో ఉన్నట్టు కనబడుతోంది" అన్నది మొదటి వాక్యం. "కొండవాగుల నాచుల జన్యువులు పోల్చడానికి ఇంకా అందుబాటులో లేవు గనుక ఇది తుదిమాట కాదు" అన్నది రెండోది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి టీ వచ్చింది.

టీ తాగి ఆయన ఉత్తర్వు రాయించారు. బంధువులు సముద్రంలో ఉన్నారు కనుక నాచు స్వస్థలం సముద్రం. స్వస్థలం విడిచి వచ్చినట్టు నాచు ఎలాంటి అర్జీ పెట్టుకోలేదు. కనుక అది ఉన్న చోటే సముద్రం. కనుక రేగపుట్టు తీరగ్రామం. తీరానికి దగ్గర్లో కట్టడాలు కూడవు. మర్నాడే లారీ వచ్చి కంకర ఎత్తుకుపోయింది.

లాజరస్ ఆఫీసుకి పరుగెత్తాడు.

"బాబూ, సముద్రం ఈడెక్కడున్నాది? ఘాటు దిగి ఇసాపట్నం ఎల్లాల గదా!"

"అది మామూలు సముద్రం లాజరస్. ఇది జన్యుపరంగా సముద్రం."

"నా గుంటకి నెలలు నిండిపోతన్నాయి బాబూ. వానలొచ్చీసినాయంటే ఎలాగెల్తాది?"

వీరభద్రరావు గారిది రాతి గుండె కాదు. "తీరగ్రామానికి వంతెనెందుకయ్యా? పడవ రాస్తాను" అన్నారు.

పడవ వచ్చింది. దానికంటే ముందు తుపాను హెచ్చరికల బోర్డూ, ఆటుపోట్ల పట్టికా వచ్చాయి. రాళ్లు తోమే ఆడవాళ్లకు సముద్ర జీవజాలాన్ని హింసిస్తున్నందుకు నోటీసులు వచ్చాయి. తోమడం ఆగింది. నాచు దట్టంగా పెరిగింది. రాళ్ల మధ్య పడవ అడుగు కూడా కదలదు గనుక దాన్ని ఊళ్లోకి మోసుకొచ్చి బోర్లించారు. కింద మేకలు పడుకునేవి.

శ్రావణంలో ఒక ఉదయం సుజానాకి నొప్పులొచ్చాయి. గెడ్డ ఛాతీ దాకా పారుతోంది. కర్రకు వేలాడే డోలీలో అయితే నీళ్లు ఆమె మీదికి వస్తాయి. మగవాళ్లు మేకల్ని తరిమి, పడవను తిరగేసి, ఆమెను అందులో పడుకోబెట్టి భుజాల మీద పెట్టుకున్నారు. గెడ్డ మధ్యలో ముందున్నవాడి కాలు నాచు మీద జారింది. పడవ నీళ్లలో పడి, కొంచెం దూరం కొట్టుకుపోయి, రెండు బండల మధ్య ఇరుక్కుంది. లాజరస్ "ఏసయ్యా, నా గుంట!" అని అరుస్తూ ఈది వెళ్లి పడవ అంచు పట్టుకున్నాడు. అక్కడే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. లాజరస్ నీళ్లలో నిలబడే వెక్కివెక్కి ఏడ్చాడు.

జనన నమోదుకి వెళితే వీరభద్రరావు గారు ఆసక్తిగా విని "పుట్టిన స్థలం: సముద్రం" అని రాశారు.

"అదేటి బాబూ! దాని తండ్రిది పక్కూరే గదా, కొండోడే గదా!"

"తండ్రి ఊరు నేల మీద పుట్టినవాళ్లకి. పడవలో పుడితే పడవ ఏ రేవుదో అదే స్వస్థలం." (ఈ నిబంధన ఆ క్షణంలోనే అమల్లోకి వచ్చింది.) "కొండ ప్రాంతపు సర్టిఫికెట్ దీనికి రాదు."

చలికాలంలో సౌజన్య మళ్లీ వచ్చింది. ఈసారి వేరే కొండవాగుల నాచుల జన్యువులు కూడా తెచ్చి పోల్చింది. ఇది అచ్చంగా మంచినీటి నాచేననీ, సముద్రపు నాచులతో దీని చుట్టరికం బాగా దూరపుదనీ తేలింది. వీరభద్రరావు గారు అన్యాయం సహించే మనిషి కాదు. ఆ వారమే నాచుకు కొండ స్థానికత ఇచ్చి, ఆ ఉత్తర్వును ప్లాస్టిక్ కవర్లో పెట్టి గెడ్డ ఒడ్డున గుంజకు కొట్టించారు.

లాజరస్ ఆశగా వెళ్లాడు. "అయితే ఇప్పుడది సముద్రం కాదు గదా బాబూ. మా వంతెన?"

"పడవతో పని జరిగిందిగా! వంతెన అవసరం లేదని పైకి రాసేశాం."

"పోనీ, నా మనవరాలి కాయితం?"

"పిల్ల పుట్టిన రోజుకి అది సముద్రమే."

"నాచుకి సేసిన పరీచ్చే మా గుంటకీ సెయ్యండి బాబూ. బేగి తేలిపోద్ది."

"అది సైన్సయ్యా" అన్నారు వీరభద్రరావు గారు, జాలిగా.

టీకా వేయించడానికి మనవరాల్ని ఎత్తుకుని గెడ్డ దాటుతూ లాజరస్ మళ్లీ జారాడు. పిల్లను నీళ్లకు అందకుండా పైకెత్తి పట్టుకున్నాడు గానీ మోకాలు చీరుకుపోయింది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. తీరప్రాంతానికి చెందిన ఒక శిశువు అనుమతి లేకుండా గెడ్డలో ప్రవేశించి, స్థానిక నాచుకు నష్టం కలిగించిందట. మోకాలి సంగతి అందులో లేదు. నాచు మాత్రం కోలుకుంటోందని రాశారు.