చిట్టి మోకాలిచిప్ప విచారణ

కుక్క ఏ కాలు ఎప్పుడు ఎత్తి నడవాలన్నది సామ్రాజ్య రక్షణకు సంబంధించిన విషయమని పెద్దలు ఆ యుద్ధకాలంలో తేల్చారు. తేల్చి ఊరుకోలేదు. బెజవాడలో వీధి నడకల భద్రతా సంఘం అని ఒకటి పెట్టి, కుంటే ప్రతి కుక్కా పిచ్చిదేనని, పిచ్చి లేదని వైద్యుడు రాసిస్తే తప్ప దాన్ని కాల్చెయ్యాలని ఆజ్ఞ వేశారు. (కుంటే మనుషుల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.)

నేతపనివాడు భావనారాయణ ఆ ఆజ్ఞ రెండుసార్లు చదివించుకుని విన్నాడు. అతని కుక్క చిట్టి పగలంతా మగ్గం గుంటలో అతని కాళ్ల దగ్గరే పడుకుంటుంది. పైకి దూకిందంటే వెనక కాలి మోకాలిచిప్ప పక్కకి జారుతుంది. మూడు కాళ్లమీద కాస్త గెంతి, కాలు విదిలిస్తే మళ్లీ సర్దుకుంటుంది. భార్య పోయాక ఆ ఇంట్లో అతనికి తోడున్న ప్రాణి అదొక్కటే.

చిట్టిని చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు సాంబమూర్తి గారు మోకాలు ఒత్తి చూశారు.

"చిప్ప చోటులోనే ఉంది గదయ్యా. తొడ ఎముక చివర అది జారాడే గాడి ఒకటుంటుంది. గాడికి లోతు తక్కువైతే చిప్ప పక్కకి దొర్లుతుంది. కానీ దొర్లినప్పుడు నా చేత్తో పట్టుకుంటేగానీ రాయకూడదు, రూలు."

"మగ్గం గుంటలోంచి దూకితే జారుతుందండీ."

"అయితే గుంట పట్రా."

భావనారాయణ ఇంటికెళ్లి, గుంట చుట్టూ ఓసారి తిరిగి చూశాడు కూడా. డాక్టరు గారే ఇంటికి రావాలంటే రోగి లేవలేని ఎద్దై ఉండాలట.

ఆసుపత్రి ఆవరణలో బాంబుల భయానికి తవ్విన కందకం ఉంది. (నీళ్లు ఊరుతున్నాయని కాంట్రాక్టరు మోకాలిలోతు దగ్గరే దేశరక్షణ ఆపేశాడు.)

"పోనీ ఇందులోంచి దూకిస్తే సరిపోదాండీ?"

"సైరన్ మోగకుండా అందులో దిగడం నేరమయ్యా. శత్రువుని పిలిచినట్టవుతుంది."

భావనారాయణ కుక్కతో సహా ఆసుపత్రి అరుగుమీద కాపురం పెట్టాడు. మగ్గం మూలపడింది. చివరికి ఓ మధ్యాహ్నం సైరన్ మోగింది. డాక్టరు గారు, కాంపౌండరు, భావనారాయణ, చిట్టి అందరూ కందకంలో బోర్లా పడుకున్నారు. విమానం రాలేదు. గండం గడిచిందని రెండో కూత వినబడగానే చిట్టి అందరికంటే ముందు పైకి దూకింది. చిప్ప జారింది. డాక్టరు గారు బురదలో పాకుతూ వెళ్లి కాలు పట్టుకున్నారు.

"గాడికి లోతే లేదయ్యా, పీటలా చదునుగా ఉంది. కింది ఎముక కూడా లోపలికి మెలితిరిగింది. పిచ్చీ గిచ్చీ ఏం లేదు."

భావనారాయణకి కళ్లనీళ్లు ఆగలేదు.

డాక్టరు గారు సత్యసంధులు. కళ్లారా చూసిందే రాశారు: "ఈ కుక్క పిచ్చిది కాదు. శత్రు విమానాల సైరన్ మోగినప్పుడు మాత్రమే కుంటును."

సంఘం అధికారి శౌరయ్య గారు అది చదివి, తృప్తిగా ముద్ర వేశారు.

"యుద్ధం ఉన్నన్నాళ్లూ నీ కుక్క కుంటొచ్చయ్యా. సంధి కుదిరాక కుంటిందా, కాల్చేస్తాం."

ఆ శుక్రవారం యుద్ధం తొందరగా ఆగాలని ఊరంతా అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టింది. భావనారాయణ కూడా ఒకటి కొట్టాడు, చిట్టి బతికున్నన్నాళ్లూ సాగాలని.